ఆఫ్రికాలో బీపీ: కనిపెట్టడం, అదుపులో పెట్టడం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఆఫ్రికాలో బీపీ గురించి ఏం రాసినా అవే అనుమానాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. కొన్ని పబ్లిక్ హెల్త్ చదివే పిల్లలవి, కొన్ని లాగోస్‌లోనో దార్ ఎస్ సలాంలోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళవి, మరికొన్ని "ఎక్కడో ఆఫ్రికా గోల మనకెందుకండీ" అనేవాళ్ళవి. విడివిడిగా జవాబులు రాసి రాసి విసుగొచ్చి అన్నీ ఒకచోట చేర్చాను. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్ళండి. ఇది చదివి మాత్రలు మాత్రం మార్చుకోకండి. ఆ పని మిమ్మల్ని చూస్తున్న డాక్టరుది.

## ముందుగా వచ్చే అనుమానాలు

ఆఫ్రికా అంటే ఆకలి, మలేరియా, హెచ్ఐవీ కదా? అక్కడ బీపీ కూడా ఒక సమస్యేనా?

ఆ మూడూ ఉన్నాయి, వాటి పక్కనే ఇదీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రాంతాలవారీగా చాలాకాలం ఇచ్చిన లెక్కల్లో బీపీ ఉన్న పెద్దల శాతం ఆఫ్రికా ప్రాంతంలోనే అన్నిటికన్నా ఎక్కువగా, సుమారు 27గా ఉండేది. దక్షిణాఫ్రికానే తీసుకోండి. 1998 సర్వేలో ఆడవాళ్ళలో 25 శాతానికి, మగవాళ్ళలో 23 శాతానికి బీపీ ఉంది. 2016 సర్వేకల్లా అది 46, 44 శాతాలయింది. పద్దెనిమిదేళ్ళలో ఇంచుమించు రెట్టింపు. అంటురోగాలు తగ్గుముఖం పట్టాక ఇలాంటి జబ్బులు వస్తాయని చదువుకున్నాం గానీ, అవి తగ్గేదాకా బీపీ ఆగలేదు. తేడా అంతా డబ్బులో ఉంది. హెచ్ఐవీకి, మలేరియాకు ప్రపంచ నిధులు వచ్చాయి, బీపీకి అలాంటి అండ దొరకలేదు. హెచ్ఐవీ మందు ఉచితంగా ఇచ్చే ఆసుపత్రిలోనే బీపీ మాత్రకు జేబులో చెయ్యి పెట్టాల్సిన పరిస్థితి చాలాచోట్ల ఉంది.

యాభైనాలుగు దేశాలున్న ఖండాన్ని ఒకే గాటన కట్టేస్తే ఎలా?

న్యాయమైన అభ్యంతరమే. కైరోకీ కిన్షాసాకీ పోలిక లేదు. అంకెలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి: ప్రపంచ ఆరోగ్య సంస్థ "ఆఫ్రికా ప్రాంతం" అంటే 47 దేశాలే. ఈజిప్టు, మొరాకో, ట్యునీషియా, సూడాన్ లాంటివి వేరే ప్రాంతం కింద లెక్కకు వస్తాయి. కాబట్టి "ఆఫ్రికాలో ఇంత శాతం" అని ఎక్కడైనా కనబడితే అది ఏ ఆఫ్రికానో చూసుకోవాలి. ఇన్ని తేడాలున్నా చాలా దేశాల్లో ఒక లోపం మాత్రం ఉమ్మడిగా కనిపిస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని పురుడు పోయడానికి, టీకాలకు, జ్వరానికి కట్టారు. నెలనెలా, ఏళ్ళ తరబడి వచ్చే రోగి కోసం కట్టలేదు.

నల్లవాళ్ళకి వంశపారంపర్యంగానే బీపీ ఎక్కువట కదా?

ఈ మాట ఎంత తేలిగ్గా అనేస్తారో అంత తేలికైన సంగతి కాదిది. 1929లో డానిసన్ అనే వైద్యుడు కెన్యాలో విక్టోరియా సరస్సు ప్రాంతపు ఆసుపత్రి అనుభవాన్ని లాన్సెట్ పత్రికలో రాశాడు. రెండేళ్ళలో చేరిన 1,800 మంది రోగుల్లో అధిక రక్తపోటు కేసు ఒక్కటీ తగల్లేదన్నాడు. రక్తంలోనే ఉన్న జబ్బయితే అప్పుడెక్కడికి పోయింది?

దీనికి దగ్గరి జవాబు 1990లో వచ్చింది. అదే పశ్చిమ కెన్యా నుంచి నైరోబీకి వలస వెళ్ళిన లువో జాతివాళ్ళనీ, ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళనీ పోల్చి చూశారు. పట్నం చేరిన కొద్ది నెలలకే వలసవెళ్ళినవాళ్ళ బీపీ పెరిగింది. మూత్రం పరీక్షిస్తే ఉప్పు ఎక్కువ, పొటాషియం తక్కువ. ఊళ్ళో తిన్న కూర, దుంప, పండు తగ్గి కొనుక్కు తినే తిండి పెరిగిందన్నమాట. జన్యువులకు పాత్ర లేదని అనను, ఉప్పును శరీరం పట్టి ఉంచుకునే తీరు అందరిలో ఒకేలా ఉండదు. కానీ మూడు నాలుగు తరాల్లో జన్యువులు మారిపోవు. మారింది బతుకు.

ముసలితనంలో ఎవరికైనా వచ్చేదే కదా, దీనికింత హడావిడి ఎందుకు?

అక్కడ దెబ్బ తగులుతున్నది ముసలివాళ్ళకు కాదు కాబట్టి. తొమ్మిది ఆఫ్రికా దేశాల్లో హార్ట్ ఫెయిల్యూర్‌తో (గుండె రక్తాన్ని సరిగా పంపు చేయలేని స్థితి) ఆసుపత్రిలో చేరిన 1,006 మందిని గమనించిన అధ్యయనం 2012లో వచ్చింది. వాళ్ళ సగటు వయసు 52. ప్రధాన కారణం గుండె రక్తనాళాలు మూసుకుపోవడం కాదు, బీపీ. ఘనా, నైజీరియాల్లో పక్షవాతం రోగుల మీద జరిగిన పెద్ద అధ్యయనంలోనూ కారణాల జాబితాలో మొదటి స్థానం బీపీదే. యాభై ఏళ్ళ మనిషికి కాలూ చెయ్యీ పడిపోతే ఆ ఇంట్లో పిల్లల చదువు ఆగిపోతుంది, పొలమో కొట్టో అమ్ముడుపోతుంది. ఆరోగ్య శాఖ లెక్కల్లో ఇవేవీ కనిపించవు.

## కనిపెట్టే దశ

నాకు ఏ బాధా లేదు. మరి ఎందుకు చూపించుకోవాలి?

బాధ లేకపోవడమే ఈ జబ్బు స్వభావం. తల తిరిగితే బీపీ, మెడ నొప్పి పుడితే బీపీ అనుకోవడం మన దగ్గరా ఉంది, అక్కడా ఉంది. దానివల్ల రెండు రకాల నష్టం. తల తిరగనివాడు తనకు లేదనుకుంటాడు, మందు వేసుకుంటున్నవాడు తల తిరిగిన రోజే వేసుకుంటాడు. బీపీ ఉందో లేదో ఒంటికి తెలియదు, పట్టా కట్టి కొలిస్తేనే తెలుస్తుంది.

ఉన్నవాళ్ళలో నిజంగా ఎంతమందికి తెలుసు?

కెన్యా 2015లో చేసిన జాతీయ సర్వే చూడండి. పెద్దల్లో సగానికి పైగా, 56 శాతం మంది, పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ బీపీ చూపించుకోలేదు. బీపీ ఉన్నవాళ్ళలో ఆ సంగతి తెలిసినవాళ్ళు 15.6 శాతం. తెలిసినవాళ్ళలో మందు వాడుతున్నది 26.9 శాతం. వాడుతున్నవాళ్ళలో అదుపులో ఉన్నది 51.7 శాతం.

ఈ శాతాలను మనుషులుగా మార్చి చూద్దాం. బీపీ ఉన్న వెయ్యి మందిని ఒక మైదానంలో నిలబెట్టండి. తెలిసినవాళ్ళు ఉండిపోండి అంటే 156 మంది మిగులుతారు. మందు వేసుకుంటున్నవాళ్ళు అంటే 42. అదుపులో ఉన్నవాళ్ళు అంటే 22. ఎక్కువమంది మొదటి మెట్టు దగ్గరే జారిపోయారు. తెలిసినవాళ్ళలోనూ నలుగురిలో ముగ్గురు మందు దాకా రాలేదు. ఈ రెండో సంగతి మీద పెట్టాల్సినంత దృష్టి ఎవరూ పెట్టడం లేదని నా ఫిర్యాదు. మందు వేసుకున్నవాళ్ళలో సగం మందికి అదుపులోకి వచ్చిందంటే మందు పనిచేస్తున్నట్టే. పనిచేయనిది ఆ మందు దాకా వెళ్ళే దారి.

ఒకసారి కొలిస్తే 150 వచ్చింది. నాకు బీపీ ఉన్నట్టేనా?

ఒక్క కొలతతో ముద్ర వేయకూడదు. రెండు వేర్వేరు రోజుల్లో కొలిచినప్పుడు పై అంకె 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ, లేదా కింది అంకె 90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే బీపీ ఉన్నట్టు. అయితే 180/110 దాటి ఉంటే మరో రోజు దాకా ఆగమని పంపేయకూడదు, అప్పుడే వైద్యం చూడాలి. బస్సు ఛార్జీ పెట్టుకుని ఇరవై మైళ్ళు వచ్చిన మనిషిని "వచ్చే వారం మళ్ళీ రా" అంటే ఎంతమంది వస్తారన్నది మరో సమస్య. అందుకే రెండో కొలత ఊళ్ళోనే, ఆరోగ్య కార్యకర్త చేతుల మీద జరిగేలా చూస్తే మనుషులు తప్పిపోరు.

ఒక్కో చోట ఒక్కో అంకె వస్తోంది. దేన్ని నమ్మాలి?

ముందు కొలిచిన తీరు చూడండి. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉంచాలి. మాట్లాడకూడదు. అరగంట ముందు కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. లావు చేతికి చిన్న పట్టా కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఆసుపత్రి వరండాలో రెండొందల మంది వరసలో ఉంటే ఈ నియమాలన్నీ ఎలా పాటిస్తారని నర్సులు అడుగుతారు, నిజమే. కనీసం కూర్చోబెట్టి, మాట్లాడించకుండా, సరైన పట్టా కట్టినా సగం తప్పు తగ్గుతుంది.

పాత పాదరసం మిషనే నికార్సయినదంటారు. ఆటోమేటిక్‌ది నమ్మొచ్చా?

పాదరసానిది మంచి పేరే గానీ దాని కాలం అయిపోయింది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం ప్రకారం 2020 తర్వాత వాటి తయారీ, ఎగుమతి, దిగుమతి ఆగాలి. పైగా స్టెతస్కోపు పెట్టి వినడానికి శిక్షణ కావాలి, వినేవాళ్ళు చివరి అంకెను సున్నాకో అయిదుకో సర్దేస్తుంటారు. పరీక్షించి ధ్రువీకరించిన ఆటోమేటిక్ మిషనైతే ఈ బెడద లేదు. చిక్కల్లా ధ్రువీకరణ లేని చవక మిషన్లు మార్కెట్లో గుట్టలుగా దొరకడమే. మణికట్టుకు కట్టేది కాకుండా దండచేతికి కట్టేది కొనండి.

ఊరూరా క్యాంపులు పెడితే సరిపోదా?

క్యాంపుకు ఒక ఫొటో, ఒక బ్యానర్, ఒక పెద్ద అంకె వస్తాయి. అందుకే అందరికీ ఇష్టం. ఈజిప్టు 2018 అక్టోబరు నుంచి 2019 ఏప్రిల్ వరకు దేశమంతా హెపటైటిస్ సి పరీక్షలు చేసింది. దాంతోపాటే షుగరు, బీపీ, బరువు చూశారు. ఏడు నెలల్లో దాదాపు అయిదు కోట్ల మంది! ప్రపంచంలో ఇంత పెద్ద వడపోత అరుదు. తల్చుకుంటే ఏం చేయొచ్చో చూపించింది.

కానీ హెపటైటిస్ సికి మూడు నెలల మాత్రలు వేసుకుంటే జబ్బు పోతుంది. బీపీ అలా పోదు. పరీక్ష చేసిన రోజుతో హెపటైటిస్ కథ ముగింపుకు వస్తే, బీపీ కథ అప్పుడే మొదలవుతుంది. 2017లో అంతర్జాతీయ హైపర్‌టెన్షన్ సంఘం మొదలుపెట్టిన మే నెల కొలతల ఉద్యమం చాలా ఆఫ్రికా దేశాల్లోనూ నడుస్తోంది. వాలంటీర్లు మార్కెట్లలో, చర్చిల్లో కూర్చుని కొలుస్తారు. మంచిదే. నేను మాత్రం ప్రతి క్యాంపు వాళ్ళనీ ఒకటే అడుగుతాను: ఎక్కువ ఉన్నవాళ్ళకి ఏ ఊళ్ళో, ఏ రోజు, ఎవరు మందిస్తారు? జవాబు రాసిన చీటీ వాళ్ళ చేతిలో లేకపోతే మనం వాళ్ళకి దిగులు మాత్రమే పంచాం.

మగవాళ్ళు ఆసుపత్రి గడప తొక్కరు. వాళ్ళనెలా పట్టుకోవాలి?

ఆడవాళ్ళు కాన్పుకో పిల్లల టీకాకో వెళ్తారు, అప్పుడు కొలవచ్చు. మగవాళ్ళ కోసం మనమే వెళ్ళాలి. ఉగాండా, కెన్యా పల్లెల్లో 'సెర్చ్' అనే పెద్ద పరిశోధనలో హెచ్ఐవీ పరీక్ష ఒక్కదానికే పిలవకుండా బీపీ, షుగరు, మలేరియా అన్నీ కలిపి ఊరి మధ్య జాతరలాగా పెట్టారు. హెచ్ఐవీ ఒక్కటే అంటే ఎవరైనా చూస్తారేమోనని జంకేవాళ్ళు కూడా "బీపీ చూపించుకోడానికి వచ్చాను" అని ధైర్యంగా వచ్చి నిలబడొచ్చు. ఘనాలో లోయర్ మాన్యా క్రోబో అనే చోట లైసెన్సున్న చిన్న మందుల కొట్లవాళ్ళకు శిక్షణ ఇచ్చి కొలిపించారు. జనం ఎలాగూ జ్వరం మాత్రకు ముందు అక్కడికే వెళ్తారు. అయితే చేరినవాళ్ళలో చాలామంది ఏడాది తిరిగేసరికి కనిపించకుండా పోయారు.

## మందు మొదలుపెట్టే దశ

డాక్టరు లేకుండా నర్సు బీపీ మందు ఇస్తే ప్రమాదం కదా?

డాక్టరు కోసం ఆగడం అంతకన్నా ప్రమాదం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన బీపీ మందుల మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి: శిక్షణ, రాసిపెట్టిన చికిత్సా క్రమం, అవసరమైతే అడగడానికి ఒక డాక్టరు ఉంటే నర్సులూ ఫార్మసిస్టులూ మందు ఇవ్వొచ్చు. ఏ మందుతో మొదలుపెట్టాలి, నెలకి తగ్గకపోతే ఏం కలపాలి, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి అన్నదంతా గోడకి అంటించే ఒక్క కాగితంలో ఇమిడిపోతుంది. హెచ్ఐవీ మందుల విషయంలో ఆఫ్రికా నర్సులు ఇంతకన్నా కష్టమైన పని లక్షల మందికి చేసి చూపించారు.

నల్లజాతివాళ్ళకి బీపీ మందులు వేరేగా పనిచేస్తాయా?

కొంతవరకు అవును. దీన్ని అక్కడే, అక్కడివాళ్ళ మీదే తేల్చిన పరీక్ష క్రియోల్. కామెరూన్, కెన్యా, మొజాంబిక్, నైజీరియా, దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 728 మంది మీద జరిగి 2019లో వెలువడింది. రెండేసి మందుల జంటలు మూడింటిని పోల్చారు. ఆమ్లోడిపిన్ ఉన్న రెండు జంటలూ (ఒకదాంట్లో ఒంట్లో నీటిని, ఉప్పును మూత్రంగా పంపే నీటిమాత్ర హైడ్రోక్లోరోథయజైడ్, రెండోదాంట్లో పెరిండోప్రిల్) బాగా పనిచేశాయి. ఆమ్లోడిపిన్ లేని జంట వెనకబడింది. ఆమ్లోడిపిన్ అంటే మన దగ్గర ఏ మందుల షాపులోనైనా దొరికే మామూలు మాత్ర. పెరిండోప్రిల్ జాతి మందులతో పొడిదగ్గు రావచ్చు. ముఖం, పెదాలు, నాలుక వాచిపోయే ప్రమాదం నల్లజాతివాళ్ళలో కాస్త ఎక్కువ. అలా వాస్తే ఆ మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలపడం కంపెనీల ఎత్తుగడ కాదా?

దగ్గు మందుల దగ్గర ఆ అనుమానం నాకూ ఉంటుంది. ఇక్కడ కాదు. ఎక్కువమందికి ఒక్క మందుతో బీపీ దిగదు. రెండు మందులు విడివిడిగా ఇస్తే ఒకటి అయిపోతుంది, ఒకటి మిగిలిపోతుంది, రోగి ఉన్నదాంతో నెట్టుకొస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇలాంటి జంట మాత్రల్ని అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. నైజీరియాలోని అబూజాలో మూడు మందుల్ని తక్కువ మోతాదుల్లో కలిపిన మాత్రను 300 మంది మీద పరీక్షించారు, 2024లో ఫలితాలొచ్చాయి. ఆరు నెలలకి మామూలు చికిత్సలో ఇంటి కొలత పై అంకె సగటున 26 తగ్గితే, ఈ మాత్రతో 31 తగ్గింది. జాబితాలో చేరినంత మాత్రాన కొట్లోకి రాదు, వచ్చినా విడి మాత్రలకన్నా ఖరీదు ఎక్కువుంటే పేదవాడు కొనడు.

రక్త పరీక్షలు, ఈసీజీ చేయకుండా మందు మొదలుపెట్టొచ్చా?

ల్యాబ్ ఉంటే చేయాలి. లేదన్న కారణంతో మందు ఆలస్యం కాకూడదు. కిడ్నీ జబ్బు, కాళ్ళ వాపు, ఆయాసం, గర్భం లాంటివి అడిగి చూసి తెలుసుకుని మొదలుపెట్టవచ్చు.

గర్భిణికి బీపీ ఉంటే?

దీన్ని మామూలు బీపీలాగా చూడకూడదు. పెరిండోప్రిల్, లిసినోప్రిల్, టెల్మిసార్టన్ జాతి మందులు గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి, ఇవ్వకూడదు. మిథైల్‌డోపా, నిఫెడిపిన్, లాబెటలాల్ వాడతారు. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అని భయపడే ఫిట్లకు ముందు కనిపించేది ఈ బీపీయే, తల్లుల మరణాలకు పెద్ద కారణాల్లో అదొకటి. తక్కువ శిక్షణ ఉన్నవాళ్ళు కూడా వాడగలిగేలా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు వెలిగే చవక మిషన్‌ను ఆఫ్రికా దేశాల్లోనూ భారత్‌లోనూ వాడి చూశారు. ఎరుపు వెలిగితే అంకె చదవడం రాకపోయినా బండి కట్టాలని తెలుస్తుంది.

## అదుపులో ఉంచే దశ

బీపీ నార్మల్‌కి వచ్చింది కదా, ఇక మాత్ర ఆపేయొచ్చా?

నార్మల్‌కి వచ్చింది మాత్ర వల్ల. గొడుగు పట్టుకుని నడుస్తూ తడవడం లేదని గొడుగు మూసేస్తామా? "ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది" అన్న భయం అక్రాలోనూ ఉంది, అనకాపల్లిలోనూ ఉంది. అది మత్తుమందులాంటి అలవాటు కాదు. బరువు, ఉప్పు బాగా తగ్గించుకున్నవాళ్ళలో కొందరికి మోతాదు తగ్గించవచ్చు, అదీ డాక్టరు చూసి చెప్పాలి. అదుపులోకి వచ్చేదాకా నెలకోసారి, వచ్చాక మూడు నుంచి ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలు.

ఆసుపత్రికి వెళ్తే మందు లేదంటున్నారు. తప్పు ఎవరిది?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. రోగి "మాట వినడు" అని రాసేసిన చాలా కేస్‌షీట్ల వెనక అసలు కథ అల్మారాలో మాత్ర లేకపోవడమే. ఒకసారి ఉత్త చేతులతో పంపితే రెండోసారి రాడు. రోజు కూలీ పోగొట్టుకుని, ఛార్జీ పెట్టుకుని వచ్చినవాడు ఎందుకొస్తాడు?

దీనికి రకరకాల మందులు కనిపెట్టారు, నవ్వకండి, ఇవి రోగానికి కాదు, వ్యవస్థకు. ఒకటి, తిరుగు నిధి: కొద్ది మూలధనంతో మందు కొని, రోగులకు అమ్మి, ఆ డబ్బుతో మళ్ళీ కొనడం. 1987లో మాలి రాజధాని బమాకోలో ఆఫ్రికా ఆరోగ్య మంత్రులు ఒప్పుకున్న పద్ధతి ఇది. అబూజా చుట్టుపక్కల 60 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో నడిచిన బీపీ కార్యక్రమంలోనూ దీన్ని వాడారు. చేతిలో బొత్తిగా డబ్బు లేనివాడికి ఇదీ అందదు, దాచిపెట్టి లాభం లేదు.

రెండోది దక్షిణాఫ్రికా పద్ధతి. 2014 నుంచి అక్కడ నిలకడగా ఉన్న రోగుల మందుల్ని ఒకచోట పొట్లాలు కట్టి, పేరు రాసి, రోగి ఇంటికి దగ్గరున్న మందుల షాపుకో మరో కేంద్రానికో పంపుతున్నారు. ఆసుపత్రి వరసలో నిలబడక్కర్లేదు. హెచ్ఐవీ రోగులతోపాటు బీపీ, షుగరు రోగులూ తీసుకుంటున్నారు. మూడోది అన్నిటికన్నా సులువు: నెలకు కాకుండా ఒకేసారి మూడు నెలలకు మాత్రలివ్వడం. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక ఆర్డరు చాలు.

బీపీ మాత్రలు చవకే కదా, ఇంకా డబ్బు సమస్య ఏమిటి?

తయారయ్యే చోట చవక. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచి కూడా ఆఫ్రికాకు మందులు వెళ్తాయి. ఓడరేవు, దిగుమతిదారు, టోకు వ్యాపారి, చిల్లర కొట్టు, ఒక్కో చెయ్యి మారినకొద్దీ ధర పెరుగుతుంది. పైగా చిన్న దేశం ఒంటరిగా కొంటే బేరమాడలేదు. 2001లో అబూజాలో ఆఫ్రికా దేశాధినేతలు బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని మాటిచ్చారు. ఎక్కువ దేశాలు ఆ మాట నిలబెట్టుకోలేదు.

హెచ్ఐవీ క్లినిక్‌లోనే బీపీ కూడా చూస్తే పోలేదా?

చూస్తున్నారు. టాంజానియా, ఉగాండాల్లో హెచ్ఐవీ, షుగరు, బీపీ రోగుల్ని ఒకే క్లినిక్‌లో, ఒకే వరసలో చూసిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. హెచ్ఐవీ చికిత్స దెబ్బతినలేదు, షుగరు, బీపీ రోగులూ మానకుండా వచ్చారు. ఎవరు ఏ జబ్బుకు వచ్చారో వరస చూసి చెప్పలేరు కాబట్టి హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి మాటపడే బాధ కూడా తగ్గుతుంది.

ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి చూస్తే నిజంగా తేడా ఉంటుందా?

దక్షిణాఫ్రికా క్వాజులు-నటాల్ పల్లెల్లో 774 మంది మీద చేసి చూశారు. కొందరిని మామూలుగా క్లినిక్‌కి రమ్మన్నారు. కొందరికి ఇంట్లో బీపీ మిషన్ ఇచ్చి, కార్యకర్త వచ్చి అంకెలు రాసుకుని మందులు తెచ్చి ఇచ్చేలా, నర్సు దూరం నుంచే మోతాదు మార్చేలా ఏర్పాటు చేశారు. మూడో గుంపు మిషన్లు అంకెల్ని వాటంతటవే పంపేవి. ఆరు నెలలకి అదుపులో ఉన్నవాళ్ళు వరసగా సుమారు 58, 77, 83 శాతం. కొత్త మందేమీ లేదు, నడిచే మనిషి మారాడంతే. కొండల దేశం లెసోతోలో మరో అడుగు ముందుకేసి, టాబ్లెట్‌లోని యాప్ చెప్పే దారిలో ఊరి ఆరోగ్య కార్యకర్తే జంట మాత్ర ఇచ్చే పద్ధతిని పరీక్షించారు. ఇథియోపియాలో 2003 నుంచి ఊరూరా ఉన్న ఆరోగ్య విస్తరణ కార్యకర్తలు మన ఆశా అక్కలకన్నా రెండేళ్ళు పెద్ద.

బిస్సాప్ తాగితే బీపీ తగ్గుతుందట, నిజమేనా?

సెనెగల్‌లో బిస్సాప్, నైజీరియాలో జోబో, సూడాన్‌లో కర్కదే అనే ఆ ఎర్రటి పానీయం వేరెవరో కాదు, మన ఎర్ర గోంగూర చుట్టమే. కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకల్ని మరిగించి చేస్తారు. చిన్న పరీక్షల్లో బీపీ కొంచెం తగ్గినట్టు కనిపించింది. మాత్ర మానేసి తాగేంత బలం దానికి లేదు. చక్కెర పోసి తాగితే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే. ఇది చదివి గోంగూర పచ్చడి ఎక్కువ తిందామనుకునేవాళ్ళు అందులో పడ్డ ఉప్పు కూడా లెక్కేసుకోండి.

## ఉప్పు, చట్టం, లక్ష్యాలు

వంటలో ఉప్పు తగ్గిస్తే చాలదా?

రోజుకి అయిదు గ్రాములు మించకూడదంటే ఒక చెంచాడు. ప్రపంచ సగటు దానికి రెట్టింపు. పశ్చిమ ఆఫ్రికాలో ఉప్పు డబ్బా పక్కన పెట్టినా మసాలా క్యూబులు మిగులుతాయి, ఆ దిమ్మలో సగానికి పైగా ఉప్పే. ఘనా వంటింట్లో కోబీ అనే ఉప్పు చేప, మోమోని అనే పులియబెట్టిన చేప ఉంటాయి. ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలతో అన్నం తినే మనం వాళ్ళకి నీతులు చెప్పే స్థితిలో లేమనుకోండి. పొటాషియం కలిపిన ఉప్పు వాడితే పక్షవాతం తగ్గుతుందని చైనాలో 600 ఊళ్ళలో జరిగిన పెద్ద పరీక్ష 2021లో చూపింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అది వాడకూడదు.

చట్టం చేస్తే జనం ఉప్పు మానేస్తారా?

జనం మానక్కర్లేదు, కంపెనీ తగ్గిస్తే చాలు. దక్షిణాఫ్రికా 2013లో నిబంధనలు తెచ్చి 2016 జూన్ నుంచి అమలు చేసింది. నూరు గ్రాముల బ్రెడ్డులో సోడియం 400 మిల్లీగ్రాములకు మించకూడదు, 2019 నుంచి 380. బ్రెడ్డుతో ఆగకుండా చిప్స్, సూప్ పొడులు, మాంసం సరుకులకూ హద్దులు పెట్టారు. రోజూ బ్రెడ్డు తినే పేదవాడికి తెలియకుండానే ఉప్పు తగ్గుతుంది. రుచి కాస్త కాస్త మారితే నాలుక కనిపెట్టదు.

లక్ష్యాలు పెట్టుకున్నారు కదా, ఎంతవరకు వచ్చింది?

ఆఫ్రికా హృద్రోగ నిపుణుల సంఘం పాస్కార్ 2017లో పది అంశాల ప్రణాళిక ప్రకటించింది. 2025 నాటికి బీపీ ఉన్నవాళ్ళలో 25 శాతం మందికైనా అదుపులోకి తేవాలన్నారు. నాలుగో వంతే లక్ష్యమా అని పెదవి విరిచేవాళ్ళు ఎక్కడినుంచి మొదలైందో చూడాలి. 2019 అంచనాల్లో సహారాకు దిగువన కొన్ని దేశాల్లో పదిమందిలో ఒక్కరికి కూడా అదుపులో లేదు. నైజీరియాలో 2020 నుంచి కానో, ఒగున్ రాష్ట్రాల్లో ప్రాథమిక కేంద్రాల స్థాయిలో కార్యక్రమం నడుస్తోంది. ఇలా నడిచే చోట్ల అంకెలు బాగున్నాయి. దాటాల్సింది కొన్ని జిల్లాల నుంచి దేశం మొత్తానికి.

## మనవాళ్ళకి సంబంధించినవి

మన తెలంగాణలో ఇలాంటిదేమైనా చేశారా?

చేశారు, మొదటి విడతలోనే. 2017 నవంబరులో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ పంజాబ్, మధ్యప్రదేశ్, కేరళ, మహారాష్ట్ర, తెలంగాణల్లో 25 జిల్లాలతో ఆరంభమైంది. ఒకే చికిత్సా క్రమం, ఆగని మందుల సరఫరా, నర్సులూ కార్యకర్తలూ పంచుకునే పని, ఇంటి దగ్గరే మందు, రోగి రికార్డు యాప్‌లో. నైజీరియా, ఇథియోపియాల్లో నడిచేదీ ఈ మూసే. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది.

మారిషస్, డర్బన్‌లలో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్ళ సంగతేమిటి?

కోరంగి రేవు పేరుమీద కోరంగులు అనిపించుకుని మారిషస్ చేరినవాళ్ళ వారసులకీ, 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్న దక్షిణాఫ్రికా తెలుగువాళ్ళకీ బీపీతోపాటు షుగరు బెడద కూడా ఎక్కువే. రెండూ కలిస్తే కిడ్నీలకు, గుండెకు ముప్పు పెరుగుతుంది కాబట్టి ఒకటి బయటపడితే రెండోది తప్పక చూపించుకోవాలి. మారిషస్ ప్రభుత్వం 1987లో సబ్సిడీ వంటనూనెలో పామాయిల్ బదులు సోయా నూనె పెట్టించింది. అయిదేళ్ళలో జనం కొలెస్ట్రాల్ సగటు తగ్గింది. అది బీపీకి సంబంధించింది కాదు, అయినా ఒక్కొక్కరికీ ఉపన్యాసం చెప్పకుండా వంటింటిని మార్చొచ్చని తెలిసింది.

నేను ఏడాదికోసారి ఇండియా వచ్చి వెళ్తుంటాను. మాత్రలు ఇక్కడినుంచే పట్టుకెళ్ళొచ్చా?

చాలామంది చేస్తున్నదే. డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి, ఆ దేశం ఎన్ని నెలల మందు రానిస్తుందో ముందే కనుక్కోండి, మందును అసలు ప్యాకింగ్‌లోనే పెట్టుకోండి. బ్రాండు పేరు అక్కడ ఎవరికీ తెలియదు, మందు అసలు పేరూ మిల్లీగ్రాములూ కాగితం మీద రాసుకోండి. ఏడాదికి సరిపడా తెచ్చుకున్నారు కదా అని కొలవడం మానేయకండి. దండచేతికి కట్టే బీపీ మిషన్ ఒకటి కూడా పెట్టెలో పడేసుకోండి, కొత్త సెల్స్‌తో సహా.